వేదిక మీద రాజకీయం: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల కళాజట్లకు కొన్ని సూచనలు

వినోదం పంచేవారు రాజకీయాల జోలికి వెళ్ళవచ్చునా అన్న ప్రశ్న తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారికి కొత్తది కాదు. 1983 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు గెలిచిన రెండు నియోజకవర్గాల్లో తిరుపతి ఒకటి. చిరంజీవి 2008 ఆగస్టు 26న ప్రజారాజ్యం పార్టీని ప్రకటించిన సభ తిరుపతిలోనే జరిగింది. మరుసటి సంవత్సరం సొంత జిల్లాలోని పాలకొల్లు ఆయనను ఓడించగా తిరుపతి గెలిపించింది. రోజా నగరి నుంచి 2014లోనూ 2019లోనూ శాసనసభకు ఎన్నికయ్యారు. చిత్తూరు లోక్‌సభ స్థానం నుంచి 2009, 2014లలో గెలిచిన శివప్రసాద్, స్వతహాగా వైద్యుడు, నటుడు కావడంతో, ప్రత్యేక హోదా కోసం నిరసన తెలిపేటప్పుడు ఒకనాడు నారదుడిగా, మరొకనాడు హిట్లర్‌గా వేషం కట్టుకొని పార్లమెంటు ఆవరణకు వచ్చారు. ఇంతమంది నటులను నాయకులుగా చూసిన ఊళ్ళు కనుక, ఒక మోస్తరు పేరున్న మిమిక్రీ కళాకారుడు మైకు పట్టుకున్నా సరే, ముందు వరుసలో ఎవరో ఒకరు పక్కవాడి చెవిలో "ఈయన ఎవురి మనిషి?" అని అడగడం ఇక్కడ పరిపాటి.

ఈ సూచనలు తారల కోసం రాసినవి కావు. వీధినాటకం ఆడేవారు, బుర్రకథ, హరికథ చెప్పేవారు, ఆర్కెస్ట్రా నడిపేవారు, సెల్‌ఫోనుతో చిన్న వీడియోలు తీసేవారు, వీరందరినీ పిలిచే ఉత్సవ కమిటీలవారు నా ఉద్దేశంలో ఉన్న పాఠకులు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక వీధినాటక జట్టుకు హాస్యపు మాటలు రాసిస్తూ, తాంబూలాలు పుచ్చుకునే పని, అంటే ఆటలు ఒప్పుకొని బయానా తీసుకునే పని, కూడా చూస్తున్నాను. నా అభిప్రాయాన్ని మొదటే చెప్పేస్తాను. కళలో రాజకీయం కలపవచ్చు, అది కళాకారుడి హక్కు, పైగా మన ప్రదర్శన రూపాలు దానికి చోటు పెట్టుకొనే పుట్టాయి. అయితే పలికే మాట కళాకారుడిదే అయి ఉండాలి. మరొకరు డబ్బిచ్చి మన నోట పలికించిన మాటను సొంత మాటగా వినిపించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

మీరు చేయదలచినది ఏది?

ముందుగా మూడు పనులను విడదీసి చూసుకోవాలి. కథ మధ్యలో ఊరి సమస్యనో పాలకుల తీరునో విమర్శించడం ఒక పని. ఒక పార్టీకో అభ్యర్థికో పాట కట్టి పాడటం రెండవది, అది కూలికి చేసే ప్రచారం. కళాకారుడే పార్టీ కండువా వేసుకొని రాజకీయాల్లోకి దిగడం మూడవది. జనం ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడతారు కాబట్టి మనం కూడా కలిపేసుకుంటే, విమర్శ చేసిన పాపానికి ప్రచారకుడన్న ముద్ర పడుతుంది.

మూడవ దారిలో వెళ్ళదలచినవారు పాత పనిని ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోవడం మంచిది. 2022 ఏప్రిల్‌లో మంత్రి పదవి వచ్చినప్పుడు రోజా టీవీ కార్యక్రమాలు మానుకుంటున్నట్టు ప్రకటించారు. ఆమె రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా, గీత గీసిన ఆ పద్ధతి స్పష్టమైనదే. పంచాయతీ వార్డుకు పోటీ చేస్తున్న హార్మోనిస్టు కూడా అంతే స్పష్టంగా, ఎన్నిక ముగిసేదాకా జట్టుతో రానని కమిటీలకు ముందే చెప్పాలి. ఈలలు ఓట్లవుతాయన్న నమ్మకంతో దిగేవారు 2009 నాటి పాలకొల్లును ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు. ఇక మిగిలినదంతా మొదటి రెండు పనుల గురించే.

రాజకీయానికి మన కళలోనే ఉన్న చోటు

బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా నిలిచే ఇద్దరు వంతల్లో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. ఆ రెండవ వంతకు పేరే రాజకీయం. కథ ఏ పురాణానిదైనా, దానిలోంచి నేటి వ్యవహారాన్ని గిల్లడం అతని బాధ్యత. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాన్నే ఊరూరా తిప్పింది, ఆ కథలు చెప్పిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క తెర మీదికి రాగానే రావణుడి లంక కాస్తా మన పంచాయతీ ఆఫీసు అయిపోతుంది. హరికథలో పిట్టకథ ఉండనే ఉంది. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు ఎంతటి వాణ్ణి పట్టుకొని తిట్టినా, ఆ వారం రోజులు ఎవరూ పల్లెత్తు మాట అనరు. పాలెగాడి ఆగడాన్ని అణచిన అమ్మవారి జాతరలో పెద్దవాళ్ళను తిట్టే హక్కు వేషంతోపాటు వస్తుందని ఊరి నమ్మకం.

కాబట్టి రాజకీయపు మాట రాయదలచినవారు కొత్తగా చోటు వెతుక్కోనక్కరలేదు. ఉన్న చోటును వదిలి బయటికి వెళ్ళకుండా చూసుకుంటే చాలు. వంత అనవలసిన మాటను కథకుడు అంటే కథ చెడుతుంది. హాస్యగాడి మాట ధర్మరాజు నోట పడితే అంతకంటే పెద్ద చేటు జరుగుతుంది.

ఈ చివరి మాటను కొంచెం వివరించాలి. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులపాటు మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. మధ్యలో ఒకనాడు అర్జునుడి వేషధారి తపసుమాను ఎక్కుతాడు. ఆకాశంలోకి నిలబెట్టిన ఆ మాను మెట్టుకొక పద్యం చొప్పున పాడుతూ అతను పైకి వెళుతుంటే, కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో నేల మీద వరపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ, అరటిపండు, విభూతి పొట్లం కోసం కొంగు పట్టుకొని కాచుకొని ఉంటారు. ఆ గంటసేపు అతను వారికి నటుడు కాడు. ఆ మాను మీద నిలబడి ఒక నాయకుడి పేరు ఎత్తడం, అది పొగడ్త అయినా విమర్శ అయినా, ఆ తడికొంగుల పట్ల చేసే ద్రోహమని నేను అనుకుంటాను. హారతి పట్టించుకునే వేషం ఏదైనా సరే, దాని నోట రాజకీయం పలికించకండి. ఇది మా జట్టులో రాసిపెట్టుకోని నియమం. ఇప్పటిదాకా ఎవరూ తప్పలేదు.

మాట రాసే తీరు

ఇక మాట రాయడం. కొన్నేళ్ళ కిందట పుత్తూరు, నగరి మధ్య ఒక పల్లెలో మా హాస్యగాడు కౌరవసభ మొదలయ్యే ముందు తెర పక్కనుంచి వచ్చి, దుర్యోధనుడిని ఇలా అడిగాడు: "సామీ, మా ఊరి నీళ్ళ ట్యాంకుకు తమరొకతూరి రాయి వేసినారు, పాండవులొచ్చి ఇంకొకతూరి రాయి వేసినారు. రాళ్ళు రెండయినాయి. నీళ్ళు మాత్రం ఒక్కతూరీ రాలేదు. ఆ రాళ్ళన్నా ఇస్తే మా ఆవిడ గుడ్డలుతుక్కుంటుంది." రెండు పార్టీల వాళ్ళూ కలిసి నవ్వారు, శంకుస్థాపన చేసిన ఇద్దరిలో ఒకాయన ముందు వరుసలోనే కూర్చొని, కండువాతో నోరు మూసుకొని నవ్వాడు. ఆ మాటలో ఎవరి పేరూ లేదు, అందరికీ తెలిసిన రాళ్ళు ఉన్నాయి.

మరి రెండు రాత్రుల తరువాత మరో పల్లెలో అదే హాస్యగాడు తెర వెనుక ఎవరో అందించిన చీటీ చూసి, ఒక స్థానిక నాయకుడి పేరు పెట్టి, ఆయన ఇంటి విషయం ఒకటి అన్నాడు. నవ్వు ఒక పక్కనుంచే వచ్చింది. రెండవ పక్క ఉన్నవాళ్ళు లేచి వెళ్ళి టీ బంకు దగ్గర నిలబడ్డారు. తెల్లవారి కమిటీవాళ్ళు మాకు రావలసిన బాకీలో ఆరువేలు పట్టుకొని, "మీరు కథకొచ్చినారా, ఎలక్షనుకొచ్చినారా?" అన్నారు. డబ్బు పోయినందుకు కాదు గాని, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోవడం నన్ను చాలాకాలం బాధించింది. మొదటి మాట మా హాస్యగాడు ఆ ఊళ్ళో పగలంతా తిరిగి, బోరింగు దగ్గర నిలబడి తెచ్చుకున్నది. రెండవది ఇంకొకరి పగ, మాకు తెలియకుండా మా మైకులోంచి పోయింది.

అప్పటినుంచి మేము పాటిస్తున్న పద్ధతి ఇది. ఊరికి మధ్యాహ్నానికే చేరుకోవాలి. హాస్యగాడు ఒక్కడే టీ బంకులు, రేషన్ దుకాణం, పాల కేంద్రం తిరిగి వినాలి, ఏమీ అడగకూడదు. సాయంత్రం రంగు వేసుకునేటప్పుడు అతను అనదలచిన మాటలను నాకు, జట్టు పెద్దకు వినిపించాలి. అధికారంలో ఉన్న పార్టీ రేపు మారితే ఈ మాట నిలుస్తుందా అని అప్పుడు చూస్తాము. మన రాష్ట్రంలో 2014, 2019, 2024 మూడు ఎన్నికల్లోనూ ప్రభుత్వం మారింది. ట్యాంకు మాట ఆ మార్పుల్లో ఒక్క అక్షరం దిద్దకుండా నిలిచింది. మనిషి పేరు, ఒడ్డూ పొడుగూ, కుటుంబం, కులం లేకుండా మాట నిలబడుతుందా అన్నది ఆ వెంటనే చూడవలసినది. కులం పేరుతో చేసే హాస్యం విషయంలో వెసులుబాటు ఏమీ లేదు: ఎస్సీ, ఎస్టీ వర్గాలవారిని నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, వేషం కట్టుకున్నందువల్ల అది నేరం కాకుండా పోదు. వ్యక్తి పరువుకు సంబంధించిన మాటకు పరువునష్టం కేసు వేరుగా ఉంటుంది.

చివరగా హాస్యగాడిని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను: రంగు కడుక్కున్న తరువాత, పొద్దున్నే బస్టాండులో ఆ మనిషి ఎదురైతే ఇదే మాట అనగలవా? తడుముకున్నాడంటే ఆ మాటను తీసేస్తాము.

చదివింపులు, చీటీలు, తాంబూలం

రాజకీయం ఎక్కువగా జొరబడే దారి చదివింపులే అని బయటివారికి తెలియదు. పద్యం నచ్చినవాళ్ళు నోటూ చీటీ పంపుతారు. వ్యాఖ్యాత నాటకం ఆపి పేరు చదువుతాడు. చీటీలో "ఫలానా పార్టీ మండల అధ్యక్షులు, రాబోయే కాలానికి కాబోయే..." అని నాలుగు వరుసలు ఉంటాయి. ఒకరిది చదివితే గంటలోగా ఎదుటి పార్టీవారిది అంతకంటే పెద్ద నోటుతో వస్తుంది. మూడవ చీటీకి ద్రౌపది కథను జనం మరిచిపోయి ఉంటారు.

అందుకని తాంబూలం పుచ్చుకునేనాడే కమిటీకి చెప్పుకోవాలి: మనిషి పేరు, ఊరి పేరు, మొత్తం చదువుతాము, పదవి, పార్టీ చదవము. మొదటి చదివింపుకు ముందు వ్యాఖ్యాత ఈ నియమాన్ని మైకులో ఒకసారి ప్రకటిస్తే ఎవరికీ చిన్నతనం అనిపించదు. అలాగే ఆట మొత్తం ఖర్చు ఒకే నాయకుడు భరిస్తున్నట్టయితే, ఆ సంగతిని దాచకుండా మొదట్లోనే చెప్పించండి. ఎవరి డబ్బుతో చూస్తున్నారో తెలిసిన జనం, మన మాటను దానికి తగ్గట్టుగా తూచుకుంటారు. షామియానా ఇచ్చిన ఆయన్ను ఆ రాత్రి విమర్శించమని నేను ఎవరికీ చెప్పను. పొగడనని చెప్పి తాంబూలం తీసుకునే ధైర్యం ఉంటే చాలు.

కూలికి ప్రచారపు పాట పాడటం తప్పు కాదు. మన కళాకారుల్లో చాలామందికి ఎన్నికల నెలలోనే నాలుగు రూపాయలు కనబడతాయి. అయితే ఆ పనిని జట్టు పేరుతో చేయకండి. ఆ బట్టలతో, ఆ పరదాతో, ఆ పేరుతో ప్రచారరథం ఎక్కితే తరువాతి సంవత్సరం సగం ఊళ్ళు మిమ్మల్ని పిలవవు. సినిమా పాట బాణీకి పార్టీ మాటలు కూర్చమంటే హక్కుదారు అనుమతి తెచ్చే బాధ్యత పార్టీదేనని కాగితం మీద రాయించుకోవాలి. లేదంటే వీడియో తొలగించేటప్పుడు మీ ఛానలే దెబ్బ తింటుంది.

ఎన్నికల వేళ

మన ప్రాంతపు జాతరలు, భారతాలు ఎక్కువగా ఎండాకాలంలో వస్తాయి, ఎన్నికలూ అప్పుడే. 2019లో పోలింగు ఏప్రిల్ 11న, 2024లో మే 13న జరిగింది. కాబట్టి ఈ చట్టపు సంగతులు మన జట్లకు దూరపు చుట్టాలు కావు.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 126వ సెక్షన్ పోలింగు ముగిసే సమయానికి ముందున్న 48 గంటల గురించి చెబుతుంది. ఆ వ్యవధిలో జనాన్ని ఆకర్షించేందుకు సంగీత కచేరీ, నాటకం లేదా మరే వినోద కార్యక్రమమైనా పెట్టి ఎన్నికల విషయం ప్రచారం చేయడం నేరం. రెండేళ్ళ దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నాటకం ఆడకూడదని దీని అర్థం కాదు, అందులో ఎన్నిక ఉండకూడదు. ఆ రెండు రాత్రులు మేము హాస్యగాడికి ట్యాంకు మాట కూడా ఇవ్వము. భార్యాభర్తల తగువుతో సరిపెడతాము. అదే చట్టంలోని 123వ సెక్షన్ ప్రకారం మతం, కులం పేరుతో ఓటు అడగడం అవినీతికర చర్య, గనుక గుడి ముందు పాడే ప్రచారపు పాటకు రెండింతల ప్రమాదం ఉంది.

అభ్యర్థి తరఫున పాడితే మీ పారితోషికం అతని ఎన్నికల ఖర్చులో చేరుతుంది. ఒకే వ్యక్తికి పదివేల రూపాయలు మించితే చెల్లింపు చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో జరగాలి, కనుక నగదు ఇస్తామన్నవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి. పార్టీతో సంబంధం లేని ఆట ముగించుకొని రాత్రి వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు కూడా 50,000 రూపాయలకు మించిన నగదు ఉంటే తనిఖీ బృందం ఆధారం అడుగుతుంది. కమిటీ ఇచ్చిన రసీదు, ఆహ్వానపత్రిక హార్మోనియం పెట్టెలోనే పెట్టుకుంటే మేలు.

మైకు సంగతి వేరుగా చెప్పాలి. ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు వాడరాదు. పండుగల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించవచ్చు. తెల్లవారేదాకా సాగే వీధినాటకానికి ఇది ఎప్పుడూ ఇబ్బందే. నా అనుభవంలో, నచ్చని మాట అన్న జట్టు మీద ఆ మాట గురించిన ఫిర్యాదు ఎవరూ ఇవ్వరు, మైకు గురించి ఇస్తారు. రాజకీయం అనదలచుకున్న రాత్రి అనుమతి కాగితం మరింత పక్కాగా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక, పల్లె ఏ జిల్లా కిందికి వస్తుందో చూసుకొని మరీ అర్జీ పెట్టుకోవాలి.

గుడి వేదికలు, ఉద్యోగులైన నటులు

మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం, 1988 గుడి ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడటాన్ని నిషేధిస్తుంది. తిరుమలలో రాజకీయ వ్యాఖ్యలు చేయరాదని తితిదే పాలకమండలి 2024 నవంబరులో తీర్మానించింది కూడా. తిరుపతిలోని తితిదే వేదికలైన మహతిలోనో అన్నమాచార్య కళామందిరంలోనో పాడటానికి పిలుపు వస్తే, పాట మధ్యలో చెప్పే నాలుగు మాటలను సైతం ముందే రాసుకొని వెళ్ళండి. అలవాటుగా నోట వచ్చే చమత్కారమే అక్కడ చిక్కు తెస్తుంది.

మన జట్లలో ఉపాధ్యాయులు, సచివాలయ ఉద్యోగులు చాలామంది ఉన్నారు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం వారు రాజకీయాల్లో పాల్గొనరాదు, ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించరాదు. వారికి భీముడినో శకునినో ఇవ్వండి, హాస్యం ఇవ్వకండి. మా జట్టులో అందరికంటే బాగా నవ్వించగల మాస్టారు ఒకరు పదవీ విరమణ చేసేదాకా ధృతరాష్ట్రుడిగానే కూర్చున్నారు.

గొడవ వస్తే

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు లేచి నిలబడతారు. ఆట ఆపకండి, వాదించకండి; మృదంగం వాయించేవారికి సైగ చేసి తరువాతి దరువు ఎత్తుకోండి. ఆట ముగిశాక కమిటీ పెద్దల సమక్షంలో, రంగు కడుక్కొని, హాస్యగాడే వెళ్ళి మాట్లాడాలి. అన్న మాట నిజమైతే వెనక్కి తీసుకోనక్కరలేదు, బాధపెట్టిన తీరు తప్పయితే అది ఒప్పుకోవాలి. ప్రదర్శన మొత్తాన్ని సొంత సెల్‌ఫోనులో రికార్డు చేసి ఉంచండి. అందులోంచి పది సెకన్ల ముక్క కత్తిరించి ఎవరైనా తిప్పుతుంటే, దానికి జవాబుగా మిగతా ఐదు నిమిషాలు పెట్టండి, వ్యాఖ్య రాయకండి.

చీటీలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మా హాస్యగాడు ఇప్పుడు వాటిని వద్దనడు, తిరిగి ఇవ్వడు. రెండు చేతులతో అందుకొని, కళ్ళకద్దుకొని, విప్పకుండానే హార్మోనియం కింద పెట్టేస్తాడు. తెల్లవారి సామాను సర్దేటప్పుడు వాటిని ఏరి, రంగు తుడిచిన గుడ్డలతోపాటు పొయ్యిలో వేస్తాము, ఆ పొయ్యి మీదే మాకు టీ కాగుతుంటుంది.